గరిక ముట్టని కుందేలు

మూగజీవాల ఆరోగ్యం: పాఠకుల ఉత్తరాలకు డాక్టరమ్మ జవాబులు

ఈ నెల ఉత్తరాల కట్టలో ఆవులూ గేదెలూ తక్కువ, కుందేళ్ళూ గినీ పిగ్‌లూ ఎక్కువ. అందరూ అడిగింది దాదాపు ఒకటే: "మా బుజ్జిదానికి నొప్పిగా ఉన్నట్టుంది, ఏ మాత్ర వేయమంటారు?" అందుకని పాడిపశువుల ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి మొత్తం వీటికే రాస్తున్నాను.

*ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా ఇంట్లో రెండేళ్ళ ఆడ కుందేలు ఉంది, పేరు మల్లి. నిన్న పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. బీరువా మూలకి వెళ్ళి ముడుచుకుని కూర్చుంది. దగ్గరికి వెళ్తే పళ్ళు నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది. అరవడం లేదు కాబట్టి నొప్పి అయ్యుండదు, అజీర్తి చేసి ఉంటుంది, ఒక పూట పస్తుంటే అదే సర్దుకుంటుంది అని మా ఆయన అంటున్నారు. ఇంట్లో పారాసిటమాల్, డైక్లోఫెనాక్ మాత్రలు ఉన్నాయి. పావు ముక్క వేయవచ్చా? మా అమ్మాయి నిన్నటి నుంచి అన్నం తినడం లేదు. – ఒక తల్లి, ఆమదాలవలస*

అమ్మా, మీ మెసేజ్ చూసిన వెంటనే మీకు ఫోన్ చేశాను. ఏం చేయాలో అప్పుడే చెప్పాను. మల్లి ఇప్పుడు బాగుంది కాబట్టి, మీరు సరేనన్నారు కాబట్టి, మిగతావాళ్ళ కోసం జరిగినదంతా రాస్తున్నాను.

మీ ఆయన అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. కుక్కకి కాలు తొక్కిడి పడితే వీధంతా తెలుస్తుంది. కుందేలికి కాలు విరిగినా పక్కగదిలో ఉన్నవాళ్ళకి తెలియదు. నక్కలకీ గద్దలకీ ఆహారమయ్యే జాతి అది. గుంపులో నీరసంగా కనిపించినదాన్నే వేటాడేది ముందు పట్టుకుంటుంది. అందుకే నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప నోరు తెరిచి అరవదు. అంచేత నొప్పి ఉందా లేదా అన్నది దాని అరుపుని బట్టి తెలియదు. మేత గిన్నె, కింద పడిన పెంటికలు, కూర్చున్న తీరు, ముఖం, ఈ నాలుగూ చూడాలి.

మల్లిలో మీరు చూసినవన్నీ నొప్పి గుర్తులే. వీపు గూనిలా పెట్టి, ముందుకాళ్ళు పొట్ట కిందికి లాక్కుని కూర్చోవడం ఒకటి. పళ్ళ చప్పుడు ఇంకొకటి. ఈ పళ్ళ చప్పుడు దగ్గర చాలామంది పొరబడతారు. ఒళ్ళో పెట్టుకుని నుదురు నిమురుతుంటే కుందేలు పళ్ళు మెల్లగా, సన్నగా టకటకలాడిస్తుంది. అది సంతోషం. ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని, పక్కనున్నవాళ్ళకి వినిపించేలా గరగరా నూరితే అది నొప్పి. మీ అమ్మాయి ఫోన్లో తీసి పంపిన వీడియోలో ఆ చప్పుడు ఫ్యాను హోరులో కూడా నాకు వినిపించింది.

ముఖం చూసి కుందేలు నొప్పిని అంచనా వేసే పద్ధతి ఒకటి ఉంది. ముందు 2010లో చిట్టెలుకలకి ఇలాంటిది తయారుచేశారు. 2012లో కుందేళ్ళకీ వచ్చింది. గుర్తు కోసం కుందేలు చెవికి పచ్చబొట్టు వేసేటప్పుడు దాని ముఖం ఎలా మారుతుందో ఫొటోలు తీసి చూశారు. కళ్ళు చిన్నవవుతాయి. ఉబ్బుగా ఉండే బుగ్గలు చదునవుతాయి. ముక్కు మొన దేలుతుంది. మీసాలు బిగుస్తాయి. చెవులు దగ్గరికి చుట్టుకుని వెనక్కి వాలిపోతాయి. ముందే చెవికి తిమ్మిరెక్కించే క్రీము రాసినప్పుడు ఈ మార్పులు బాగా తగ్గాయి. ఈ పద్ధతికి యంత్రం ఏమీ అక్కర్లేదు. మీ కుందేలు హాయిగా ఉన్న రోజున దాని ముఖాన్ని దగ్గర్నుంచి ఒక ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. అనుమానం వచ్చిన రోజున పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇక "ఒక పూట పస్తుంటే సర్దుకుంటుంది" అన్న మాట. మనకీ కుక్కకీ అది సరిపోతుందేమో గానీ కుందేలికి పస్తు పనికిరాదు. దాని పేగు రాత్రీ పగలూ కదులుతూనే ఉండాలి, అది కదలాలంటే గడ్డి లోపలికి పోతూనే ఉండాలి. నొప్పి వల్ల తినడం మానేస్తుంది. తినకపోతే పేగు మందగిస్తుంది. లోపల గ్యాస్ పట్టి పొట్ట నొప్పి మొదలవుతుంది. ఆ నొప్పికి ఇంకా తినదు. కుందేలు వాంతి కూడా చేసుకోలేదు, లోపలిది లోపలే ఉండిపోతుంది. కొవ్వు కరిగి కాలేయానికి పట్టేస్తుంది. ఎక్కడో పంటి దగ్గర మొదలైన చిన్న నొప్పి రెండు మూడు రోజుల్లో ప్రాణం తీయడం ఇలాగే. పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా అది అత్యవసరమే. తెల్లారే దాకా చూద్దాం అనుకోవద్దు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పల్లె ఆసుపత్రిలో ఉండేదాన్ని. పదేళ్ళ గుంట ఒకతె వెదురు బుట్టలో కుందేలిని తెచ్చింది. వెనక్కాలు విరిగింది. నేను శ్రద్ధగానే కట్టు కట్టాను. కట్టు కడుతున్నంతసేపూ అది కదల్లేదు, కిక్కురుమనలేదు. "చూశావా, ఎంత బుద్ధిగా ఉందో" అని ఆ పిల్లతో అన్నాను. నొప్పికి మందు ఇవ్వలేదు. ఇవ్వాలని తోచనే లేదు. మూడో రోజు ఆ పిల్ల మళ్ళీ బుట్టతో వచ్చింది. కుందేలు చనిపోయింది. బుట్టలో పక్కన గరిక కట్ట ఉంది. ఎవరో ఓపికగా వేళ్ళు దులిపి, కడిగి, అరటి నారతో కట్టిన చిన్న కట్ట. దారం కూడా విప్పలేదు, ఎండిపోయి ఉంది. "పెట్టాను డాక్టరమ్మా, తినలేదు" అంది. అది బుద్ధిగా ఉండటం కాదు, భయంతో నొప్పితో బిగుసుకుపోవడం అని నాకు ఆ రోజు తెలిసింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కట్ట నా కళ్ళ ముందే ఉంది. మీ మెసేజ్ చూడగానే ఫోన్ తీసింది అందుకే.

ఇప్పుడు మాత్రల సంగతి. డైక్లోఫెనాక్ వద్దు. కుందేలికే కాదు, పశువులకి వాడే డైక్లోఫెనాక్‌ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. మా చిన్నప్పుడు ఊరి చివర పశువు పడితే ఆకాశంలో గుంపులు గుంపులుగా తిరిగేవి, ఇప్పటి పిల్లలు వాటిని బొమ్మల్లోనే చూస్తున్నారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లని కూడా పశువులకి వాడకుండా ఆపేశారు. డైక్లోఫెనాక్ బదులు రాబందులకి హాని చేయని మందుగా ముందుకొచ్చింది మెలాక్సికామ్. కుందేళ్ళ నొప్పికి డాక్టర్లు ఎక్కువగా రాసేదీ అదే.

అలాగని మెడికల్ షాపుకి వెళ్ళి మెలాక్సికామ్ కొనేయకండి. మనుషుల మాత్రలు 7.5, 15 మిల్లీగ్రాముల్లో వస్తాయి. మల్లి బరువు ఒక కిలో ఆరువందల గ్రాములు. దానికి సరిపడా మోతాదు అంటే పెద్ద మాత్రలో దాదాపు పదో వంతు. బ్లేడుతో కోస్తే ఒక ముక్కలో ఎక్కువా ఒక ముక్కలో తక్కువా వస్తుంది. పైగా ఆ మాత్రల్లో కొన్ని పారాసిటమాల్ కలిపినవి. కుక్కల కోసం వచ్చే మెలాక్సికామ్ ద్రవ మందు ఉంటుంది, దాన్ని సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో కొలిచి ఇవ్వడం సులువు. కానీ సీసా మీద ఉన్న కుక్క లెక్క కుందేలికి పనికిరాదు. కుక్కకి మొదటి రోజు తరవాత కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. కుందేలి ఒంట్లోంచి ఆ మందు త్వరగా బయటికి పోతుంది కాబట్టి, దానికి కిలోకి 0.6 నుంచి 1 మిల్లీగ్రాము దాకా రాస్తారు. ఈ తేడా తెలియక కుక్క లెక్కన పదో వంతు ఇచ్చి, "మందు వేశాం, పని చేయలేదు" అన్నవాళ్ళని చాలామందిని చూశాను. మీ డాక్టరు గారు ఎక్కువగా పశువులనే చూసేవారైతే ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. ఏమీ అనుకోరు, పుస్తకం తీసి చూసుకుంటారు. నేనూ అలా చూసుకునే నేర్చుకున్నాను.

లెక్క తెలిసింది కదా అని సొంతంగా వేయొద్దని ఎందుకు అంటున్నానంటే, ఒంట్లో నీరు ఇంకిపోయిన జంతువుకి ఈ మందు మూత్రపిండాల మీద దెబ్బ కొడుతుంది. రోజంతా తినని కుందేలు నీళ్ళూ తాగి ఉండదు. అందుకని డాక్టరు ముందు చర్మం కింద సెలైన్ ఎక్కించి, ఒళ్ళు చల్లబడిందేమో చూసి, పొట్ట తడిమి, ఆ తరవాత నొప్పి మందు ఇస్తారు. నొప్పి మరీ ఎక్కువైతే బ్యూప్రెనార్ఫిన్ అనే ఇంజెక్షన్ ఉంది. అది మార్ఫిన్ తరహా మందు, ఆసుపత్రిలోనే ఇవ్వాలి.

పారాసిటమాల్ పావు ముక్కతో మల్లి చచ్చిపోయేది కాదు. కానీ ఆ నొప్పికి అది చాలదు, మందు వేశామన్న ధైర్యంతో మీరు ఇంకో రోజు ఇంట్లోనే ఉండిపోయేవారు. పోయేది ఆ రోజే.

ఆసుపత్రికి వెళ్ళేలోపు చేయదగ్గవి ఫోన్లో చెప్పినవే. చెవులు పట్టుకుని చూడండి. మంచులా చల్లగా ఉంటే సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, పక్కన పెట్టండి. పొట్ట బల్లలా గట్టిగా ఉబ్బి ఉంటే నోట్లో ఏమీ పోయకండి, లోపల అడ్డు పడి ఉండొచ్చు. మెత్తగా ఉంటే కుందేళ్ళ పెల్లెట్లు, అంటే కొట్లో దొరికే మేత గుళికలు, నానబెట్టి, చిక్కటి జావలా చిదిపి, సిరంజితో ముందుపళ్ళ పక్కనున్న ఖాళీలోంచి కొద్దికొద్దిగా ఇవ్వండి. వెల్లకిలా పడుకోబెట్టి పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బామ్‌లూ కర్పూరం నూనెలూ పొట్టకి రాయొద్దు. అది ఒళ్ళంతా నాక్కునే జంతువు, రాసిందంతా కడుపులోకే పోతుంది.

మల్లికి చివరికి బయటపడిన కారణం పళ్ళు. రెండో ఆసుపత్రిలో మత్తిచ్చి నోరు తెరిచి చూస్తే, కింది దవడ పళ్ళు లోపలి వైపు సూదుల్లా పెరిగి నాలుకని కోసేశాయి. గడ్డం కింద బొచ్చు తడిగా ఉంటోందని మీ అమ్మాయి ముందు వారమే చెప్పిందట. పిల్లల కళ్ళు చురుకైనవి, వాళ్ళు చెప్పింది వినండి. కుందేలి పళ్ళు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. అవి అరగాలంటే గడ్డి నమలాలి. క్యారెట్టు, బిస్కెట్టు, పెరుగన్నంతో అరగవు. మన దగ్గర గరికకి కరువేం లేదు. మందు జల్లని చోట కోసి, కడిగి, నీడన ఆరబెట్టి, ఎప్పుడూ దాని ముందు ఉండేలా చూడండి. మేతలో ముప్పాతిక పైగా గడ్డే ఉండాలి. సుబాబుల్ ఆకు మాత్రం రోజూ వేయకండి, బొచ్చు ఊడిపోతుంది.

పళ్ళ మొనలు అరగదీశాక కూడా వారం రోజులు నొప్పి మందు వాడారు మీరు. అది సరైన పని. కారణం తీసేసిన రోజునే పుండు మానదు కదా.

*ప్రశ్న: మా గినీ పిగ్‌కి ఏడు నెలలు. నాలుగు రోజులుగా నడవడానికి ఇష్టపడటం లేదు. ఎత్తుకుంటే కీచుమంటోంది. వెనక్కాళ్ళ కీళ్ళు వాచినట్టున్నాయి. మెడికల్ షాపులో అడిగితే పిల్లల అమోక్సిసిలిన్ సిరప్, నొప్పికి ఇంకో సిరప్ ఇచ్చారు. కుందేళ్ళ పెల్లెట్లు, కీరదోస పెడుతున్నాం. – కాలేజీ విద్యార్థిని, కంటోన్మెంట్, విజయనగరం*

తల్లీ, ముందు ఆ అమోక్సిసిలిన్ ఆపెయ్. గినీ పిగ్‌కి గానీ కుందేలికి గానీ ఈ పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇవ్వకూడదు. పేగులో మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, విషం తయారై విరేచనాలతో ప్రాణం పోతుంది. క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. మన పసిపిల్లలకి నిక్షేపంలా పనిచేసే మందు కదా అని అందరూ పొరబడేది ఇక్కడే. ఇప్పటికే ఇచ్చి ఉంటే పెంటికలు మెత్తబడుతున్నాయేమో గమనించు, తేడా కనిపిస్తే ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఆ రెండో సిరప్ పేరు రాయలేదు నువ్వు. అదీ ఆపు.

నీ ఉత్తరం చదివితే నాకు ముందుగా వచ్చే అనుమానం విటమిన్ సి లోపం. మనలాగే గినీ పిగ్ కూడా ఒంట్లో విటమిన్ సి తయారుచేసుకోలేదు. కుందేలు చేసుకుంటుంది. అందుకే కుందేళ్ళ పెల్లెట్లలో అది కలపరు. ఆ పెల్లెట్ల మీద పెరిగిన గినీ పిగ్‌కి కొన్ని వారాల్లోనే కీళ్ళలో రక్తం చిమ్మి వాపు వస్తుంది, చిగుళ్ళు నొస్తాయి, ముట్టుకుంటే ఏడుస్తుంది. పూర్వం ఓడల్లో నెలల తరబడి వెళ్ళేవాళ్ళకి వచ్చిన స్కర్వీ జబ్బే ఇది. ఇలాంటప్పుడు ఎంత మంచి నొప్పి మాత్ర వేసినా పైపైనే. అసలు మందు విటమిన్ సి.

మామూలుగా రోజుకి కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. జబ్బు పడినదానికి డాక్టరు ఇంకా ఎక్కువ రాస్తారు. నీళ్ళ సీసాలో కలపకు, కొన్ని గంటల్లో దాని శక్తి పోతుంది. సిరంజితో నోట్లో వేయి. రోజూ పచ్చి క్యాప్సికమ్ ముక్క, కొత్తిమీర పెట్టు. మీ విజయనగరంలో జామకాయ దొరకని వీధి ఉండదు, వారంలో రెండు మూడు సార్లు వేలెడు ముక్క చాలు, పండు కదా, ఎక్కువైతే పొట్ట పాడవుతుంది. కీరదోసలో నీరు తప్ప ఏమీ లేదు. గడ్డి దీనికీ ఎప్పుడూ ముందు ఉండాలి.

ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టు. ఈ వారం రోజులూ అసలు ఎత్తకపోతే ఇంకా మంచిది. కీళ్ళు విరిగాయేమో ఎక్స్‌రే తీసి చూడాలి, అంతదాకా నొప్పికి మందు కూడా డాక్టరు ఇవ్వాలి. మీ జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, విజయనగరం నుంచి రైల్లో వెళ్ళొచ్చు. వెళ్ళే ముందు ఫోన్ చేసి చిన్న జంతువులని చూసేవారు ఏ రోజు ఉంటారో కనుక్కో. ప్రయాణంలో బుట్టలో గడ్డి వేసి ఉంచు.

*ప్రశ్న: మా పిల్లి గోడ దూకి కుంటుతోంది. పావు డోలో వేయమంటారా, సగం వేయమంటారా? – నరసన్నపేట*

రెండూ వద్దు. పారాసిటమాల్ ఏ పేరుతో ఉన్నా పిల్లికి విషమే. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. ఈపాటికే వేసేసి ఉంటే, చిగుళ్ళు గోధుమ రంగులోకో నీలంగానో మారడం, ముఖం, పాదాలు వాయడం కనిపిస్తుంది. అవి కనిపించే దాకా ఆగకండి. విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు, గంటల్లో పడితేనే పనిచేస్తుంది. ఏ మాత్ర, ఎంత, ఎన్ని గంటలకి వేశారో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. ఇబూప్రొఫెన్ కూడా పిల్లికీ కుక్కకీ వేయకూడదు. మాత్ర ఏదీ వేయకపోతే, రెండు రోజులు చిన్న గదిలో కదలకుండా ఉంచి డాక్టరుకి చూపించండి.

*ప్రశ్న: మా ఆడ కుందేలికి గర్భసంచి తీసే ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నాం. ముందు రాత్రి నుంచి పస్తు ఉంచమన్నారు. తరవాత నొప్పికి మందు అడిగితే "కుందేళ్ళకి అవసరం లేదు, అవి ఓర్చుకుంటాయి" అన్నారు. నిజమేనా? – భార్యాభర్తలు, రాజాం*

ఆపరేషన్ మంచి నిర్ణయం. నాలుగేళ్ళు దాటిన, ఆపరేషన్ కాని ఆడ కుందేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ చాలా మామూలు.

పస్తు నిజం కాదు. కుక్కనీ పిల్లినీ పస్తుంచేది మత్తులో వాంతి చేసుకుని ఊపిరాడక పోతాయని. కుందేలు వాంతే చేసుకోలేదని పైన రాశాను. మత్తు ఇచ్చే గంట రెండు గంటల ముందు దాకా దాని గడ్డి దానికి ఉండొచ్చు.

ఓర్చుకుంటాయన్న మాట నన్ను బాధపెట్టింది. అది ఓర్పు కాదు, దానికి చెప్పుకునే దారి లేదు. పొట్ట కోసిన ఏ ప్రాణికైనా నొప్పి ఒక్కటే. ఆపరేషన్‌కి ముందే నొప్పి మందు ఇస్తే మత్తు కూడా తక్కువ సరిపోతుంది, లేవగానే మేత ముడుతుంది. తరవాత కనీసం మూడు రోజులు, చాలాసార్లు ఐదు రోజులు మెలాక్సికామ్ కొనసాగిస్తారు. మీరు వాదనకి దిగకుండా డాక్టరు గారిని మూడు అడగండి: ముందే నొప్పి మందు ఇస్తారా, ఇంటికి ఎన్ని రోజులకి రాసిస్తారు, రాత్రి మేత ముట్టకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. చెవి నరానికి సూది గుచ్చే చోట అరగంట ముందు తిమ్మిరి క్రీము రాయగలరేమో కూడా అడగండి. ఈ మాటలకి విసుక్కుంటే ఇంకో చోటు చూసుకోండి. విశాఖ దాకా వెళ్ళాల్సి వచ్చినా వెళ్ళండి, ఇది వాయిదా వేసుకోగలిగిన ఆపరేషనే.

ఇంటికి తెచ్చాక, కుట్లు కొరక్కుండా మెడకి కడతారే, ఆ గొట్టం లాంటి పట్టీ కట్టనివ్వకండి. కుందేలు తెల్లవారుజామున తన మెత్తని పెంటికలని తనే తింటుంది, అది దానికి ఆహారం. పట్టీ ఉంటే నోరు అందదు. పన్నెండు గంటల్లోపు తినడం మొదలుపెట్టాలి. కొత్తిమీర వాసన చూపించండి, చాలా కుందేళ్ళు ముందు దానికే లొంగుతాయి.

*ప్రశ్న: హ్యామ్‌స్టర్‌కి కాలు బెణికింది. కుందేలికి రాసిన మందు ఇంట్లో ఉంది, ఒక చుక్క వేయవచ్చా? – టెక్కలి*

దాని బరువు వంద గ్రాములు కూడా ఉండకపోవచ్చు. ఒక చుక్క ఎక్కువైతే ఎన్నో రెట్లు ఎక్కువైనట్టు. వేయొద్దు. పంజరంలో అది పరుగెత్తే చక్రం తీసేసి, పైఅంతస్తు ఉంటే తీసేసి, మేత, నీళ్ళు పక్కనే పెట్టి, డాక్టరుకి చూపించండి. ఆయన మందుని పలచన చేసి ఇస్తారు.

*ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నేను ఏడో తరగతి. నా దగ్గర మూడు కుందేళ్ళు ఉన్నాయి. ఇనప వల పంజరంలో పెంచుతున్నాను. పెద్దదాని వెనక పాదాల అడుగున బొచ్చు ఊడి ఎర్రగా పుండ్లు పడ్డాయి. మా అమ్మమ్మ పసుపు, నూనె కలిపి రాసింది. అది ఒక కాలు ఎత్తి, మళ్ళీ ఇంకో కాలు ఎత్తి కూర్చుంటోంది. దానికి నొప్పి పెడుతోందా? – పలాస*

బాబూ, అవును, నొప్పి పెడుతోంది. కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతోందని నువ్వు కనిపెట్టావు చూడు, అది పెద్దవాళ్ళు కూడా గమనించరు.

కుక్క పాదానికీ పిల్లి పాదానికీ అడుగున మెత్తలుంటాయి. కుందేలికి ఉండవు, బొచ్చు ఒక్కటే దానికి చెప్పు. వల తీగ మీద రోజంతా నిలబడితే ఆ బొచ్చు అరిగిపోయి, చర్మం చిట్లి, కింద ఎముక దాకా చీము పట్టగలదు. కాబట్టి మందు కన్నా ముందు నేల మార్చాలి. వల మీద ఒక చెక్క పలక వేసి, దాని మీద ఉతికిన గోనెసంచి నాలుగు మడతలు పెట్టి, పైన పొడి వరిగడ్డి బెత్తెడు మందాన పరువు. మీ ఊళ్ళో జీడిపప్పు బట్టీల దగ్గర జీడిపిక్కల తొక్కలు దొరుకుతాయి, అవి మాత్రం దగ్గరికి రానివ్వకు, ఆ తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఉచ్చ తడిసిన గడ్డి రోజూ తీసెయ్యాలి, తడి మీద పుండు మానదు. గోళ్ళు పెరిగి ఉంటే బరువంతా మడమ మీదే పడుతుంది, వాటిని డాక్టరు చేత కత్తిరించు.

అమ్మమ్మ ప్రేమతోనే రాసింది, ఆవిడని ఏమీ అనకు. కానీ నూనెకి బొచ్చు ముద్దకట్టి తడి ఆరదు, నాకితే అంతా కడుపులోకి పోతుంది. దాని బదులు లీటరు నీళ్ళు మరిగించి, చెంచాడున్నర ఉప్పు వేసి, చల్లారాక ఆ నీళ్ళతో రోజుకి రెండుసార్లు మెత్తటి గుడ్డతో అద్ది, పొడి గుడ్డతో బాగా ఆర్పు. ఈ పని ఇద్దరు చేయాలి. ఒకరు దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెనక భాగం గట్టిగా ఆనించి పట్టుకోవాలి. గింజుకుని వెనక్కాళ్ళు తన్నిందంటే దాని వెన్నెముక దానికే విరుగుతుంది, నడుము కింద చచ్చుబడిపోతుంది. అమ్మమ్మని పట్టుకోమను, ఆవిడ చేతుల్లో అది స్థిమితంగా ఉంటుంది.

చర్మం చిట్లి రక్తమో చీమో కనిపిస్తే ఇంటి వైద్యం చాలదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించండి. దారి తెలియకపోతే నాన్న చేత పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయించి అడుగు. నొప్పికి మెలాక్సికామ్ అవసరమవుతుంది, పైన ఆమదాలవలస అమ్మకి రాసిన జవాబు నాన్నకి చదివి వినిపించు. ఎండాకాలం వస్తోంది, పంజరం రేకుల షెడ్డు కింద ఉంటే వేపచెట్టు నీడకి మార్చండి. దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి.

నీ ఉత్తరంలో అన్నీ రాశావు గానీ కుందేలి బరువు రాయలేదు. కిరాణా కొట్టుకి వెళ్ళి తూకం మీద అట్టపెట్టె పెట్టి సున్నా చేయించి, దాన్ని అందులో కూర్చోబెట్టి చూడు. మూడింటివీ వేరువేరుగా రాసుకో, డాక్టరు గారు మొట్టమొదట అడిగేది అదే.